పాత ఇంటి పొగగొట్టం పొయ్యి: అగ్గిపుల్ల గీసే ముందు డాబా ఎక్కండి

మొన్న హనుమకొండలో ఒక పాత ఇల్లు కొన్నాం. వెనక వసారాలో గోడలోకి కట్టిన కట్టెల పొయ్యి, దాని మీద ఇటుకల పొగగొట్టం ఉన్నాయి. చలికాలం స్నానాలకు నీళ్లు కాగబెట్టుకోవచ్చని ఇంట్లో అందరికీ ఒకటే సంబరం. అమ్మినాయన "మస్తు పనిచేస్తది సార్" అన్నాడు గానీ ఆఖరిసారి ఎప్పుడు వెలిగించారో మాత్రం చెప్పలేదు. డాబా ఎక్కి చూస్తే తెలిసింది, గొట్టం నోటి మీద షాబాద్ బండ పెట్టి సిమెంటు పూసేశారు. కోతులు, వాన నీళ్లు రావొద్దనట.

మీరూ ముందు పైనే చూడండి. డాబా మీద రేకుల షెడ్డు వేసినప్పుడు కొందరు గొట్టాన్ని రేకుల కిందే మొండిగా వదిలేస్తారు, అప్పుడు పొగ షెడ్డులోనే తిరుగుతుంది, రవ్వలు ఆరేసిన బట్టల మీద పడతాయి. గొట్టం కప్పు దాటి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల లోపల ఏ గోడ ఉన్నా దానికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. కోతుల భయం ఉంటే ఇనుప జాలీ బిగించండి, బండ వద్దు.

బండ తీశాక పొయ్యిలో అద్దం పెట్టి పైకి చూశాం, అయినా వెలుతురు లేదు. మేస్త్రి వెదురు బొంగు దూర్చి పొడిస్తే పిట్టగూడు, దాని వెనకాలే నల్లగా మెరిసే పెచ్చులు దోసెడు రాలాయి. అది మామూలు మసి కాదు. పచ్చి కట్టెల పొగ పైకి పోతూ చల్లారి తారులా గోడలకు పడుతుంది, దానికి నిప్పంటుకుంటే గొట్టమే రైలొచ్చినట్టు హోరుమని మండుతుంది. అలా అయితే నీళ్లు గుమ్మరించొద్దు, కాలిన ఇటుక పగులుతుంది. అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి. గొట్టానికి బీటలున్నా, టేకు దూలం ఆనుకుని ఉన్నా బాగుచేయించేదాకా దాని జోలికి పోవద్దు.

ఇక గాలి ఎటు లాగుతుందో చూడాలి. అగరుబత్తి వెలిగించి పొయ్యి నోట్లో పెట్టాను, పొగ సన్నగా పైకి పోయింది. ఇంతలో మా ఆవిడ వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసింది, అంతే, ఆ పొగ తిరగబడి నా మొహం మీదికే వచ్చింది! ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి తోస్తుంటే ఆ లోటు పూడ్చుకోడానికి గొట్టంలోంచి గాలి కిందికి దిగుతుంది. పొయ్యి మండుతున్నంతసేపు ఫ్యాన్ ఆపి, ఒక కిటికీ తీసి ఉంచాలి.

పొగకు కళ్లు మండితే ఎలాగూ లేచి బయటికి పోతాం. నాకు టెన్షన్ ఎర్రటి నిప్పులతోనే. మంట తగ్గాక వాటినుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చలని తలుపులన్నీ మూసి కుంపటి పక్కన పడుకునేవాళ్లు పొద్దున లేవకపోవడానికి కారణం ఇదే. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం మొదలైతే తిన్నది పడలేదనుకుని మాత్ర వేసుకోవద్దు, ముందు అందరూ బయటి గాలిలోకి రావాలి, తర్వాత 108. ఈ వాయువును పసిగట్టే అలారాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ఒకటి పెట్టుకోండి. అలారం ఉంది కదా అని నిప్పులున్న గదిలో పడుకోకండి.

కట్టెలు తుమ్మయినా చింతయినా బాగా ఎండినవే కావాలి. రంగేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ వద్దు, కిరోసిన్ అసలే వద్దు. మొదటి రెండు మూడు సార్లు చిన్న మంటే పెట్టండి, ఏళ్ల తరబడి తడి పట్టిన ఇటుక ఒక్కసారి వేడెక్కితే విచ్చుతుంది. బూడిదలో నిప్పు రెండు మూడు రోజులు కూడా బతికే ఉంటుంది, మూత ఉన్న ఇనుప బకెట్లోనే ఎత్తి ఆరుబయట పెట్టండి.

మా గొట్టం ఇంకో అడుగున్నర లేపాలి. మేస్త్రి దసరా పోయినంక వస్త అన్నాడు. అప్పటిదాకా గీజరే.