తంగేడు పూల కషాయం షుగర్ తగ్గిస్తుందా: ఎలుకల మీద పరీక్షించే పద్ధతి

నల్లగొండ, పాలమూరు గుట్టల్లో తంగేడుకు కొదవలేదు. పూలు కోశాక వృక్షశాస్త్ర నిపుణులతో గుర్తింపు చేయించి, ఒక నమూనా దాచండి. నీడన ఆరబెట్టి, కషాయం కాచి, తక్కువ వేడి మీద ఇగిర్చి పొడి చేయండి. సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి రాకముందు ఎలుకను ముట్టుకోవద్దు.

సుమారు 200 గ్రాముల మగ విస్టార్ (ప్రయోగశాలల్లో పెంచే ఒక రకం) ఎలుకలు మేలు. ఎలుకలకు షుగర్ తెప్పించే స్ట్రెప్టోజోటోసిన్ మందు ఆడవాటి మీద అంతగా పనిచేయదు. అసలు చిక్కంతా ఈ మందుతోనే. పీహెచ్ 4.5 ఉన్న చల్లని సిట్రేట్ బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి, రాత్రంతా పస్తుంచిన ఎలుకకు కిలో బరువుకు 50–60 మి.గ్రా. లెక్కన పొట్టకుహరంలోకి ఇవ్వాలి. కలిపి పక్కన పెడితే మందు విరిగిపోతుంది, షుగర్ రాదు. విషపదార్థం కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి. మొదటి రోజంతా గ్లూకోజ్ నీళ్లు పెట్టండి. మందుతో దెబ్బతిన్న బీటా కణాల (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసేవి) నుంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటపడి ఎలుకలు చనిపోయేది అప్పుడే.

72 గంటలకు తోక రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 250 మి.గ్రా. దాటినవాటినే, ఆరేసి చొప్పున లాటరీ తీసి పంచండి: షుగర్ ఉన్నా ఏ చికిత్సా ఇవ్వనివి, గ్లిబెన్‌క్లమైడ్ (షుగర్ తగ్గించే మందు) ఇచ్చేవి, కషాయం పొడి కిలో బరువుకు 200, 400 మి.గ్రా. మోతాదుల్లో ఇచ్చేవి. ఆరోగ్యంగా ఉన్న గుంపు వేరు. 28 రోజులు గొట్టంతో నోటి ద్వారా ఇస్తూ, వారానికోసారి ఒకే వేళకు రక్తంలో గ్లూకోజ్ చూడండి. మే నెల ఎండల్లో ఏసీ ఆగితే అంకెలు నమ్మలేం. గ్లిబెన్‌క్లమైడ్ బీటా కణాల చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది కాబట్టి, అది కూడా పనిచేయకపోతే ఆ కణాలు దాదాపు మిగల్లేదేమో చూడండి. కషాయాన్ని నిందించే ముందు స్ట్రెప్టోజోటోసిన్ మోతాదు తగ్గించాలి.