ఊరి శాసనం, రాగిరేకు, కైఫీయతు: దేన్ని ఎంతవరకు నమ్మాలి?

ఊరి చరిత్ర రాయాలని కూర్చున్నవాళ్లకు సాధారణంగా మూడు రకాల ఆధారాలు దొరుకుతాయి. గుడి ముందు నిలబెట్టిన రాతి శాసనం, ఎవరింట్లోనో పెట్టెలో దాచిన రాగిరేకులు, రెండొందల ఏళ్ల కిందట కంపెనీ సర్వే అధికారి మెకంజీ కాలంలో రాయించిన కైఫీయతు, అంటే ఊరి వృత్తాంతం. ఏది దొరికినా రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఇది తాను చెప్పుకుంటున్న కాలానిదేనా? ఇందులో రాసింది జరిగిందేనా? మొదటిదానికి అవునని తేలగానే రెండోదానికీ అవునని సరిపెట్టుకోవడం వల్లే స్థానిక చరిత్రల్లో ఎక్కువ తప్పులు దొర్లుతున్నాయి.

ముందు అసలు ప్రతి దగ్గరికి వెళ్లండి. పుస్తకంలో ఉన్న సారాంశం సరిపోదు. రాతిని మెత్తటి బ్రష్షుతో, మంచినీళ్లతో కడగాలి. అక్షరాలు కనబడాలని సుద్ద పూయడం, పెయింటుతో దిద్దడం వద్దే వద్దు. దిద్దినవాడు ఎలా చదివాడో అదే తర్వాత అందరికీ శాసనమైపోతుంది. చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే అరిగిపోయిన గీతలకు నీడ పడి అక్షరం లేస్తుంది. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, పైనుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. శాసనం నాలుగు ముఖాలా ఉండొచ్చని మరవొద్దు. తేదీ ఒక ముఖం మీద, ఎల్లలు ఇంకో ముఖం మీద ఉండటం మామూలే.

అచ్చయిన పాఠం ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది పూర్తిగా తెలుగు శాసనాలదే, 1948లో వచ్చింది. అలాంటి ప్రచురణల్లో చదరపు బ్రాకెట్లో ఉన్న అక్షరం చెరిగిపోయి సందేహంగా చదివినది. పక్కన నక్షత్రం గుర్తుంటే అది రాతి మీద లేదు, సంపాదకుడు పూరించినది. గుండ్రటి బ్రాకెట్లోది ఆయన చేసిన సవరణ. ఒక రాజు పేరు మొత్తం చదరపు బ్రాకెట్లోనే ఉంటే, ఆ పేరు మీద ఊరి చరిత్ర కట్టకూడదు.

తేదీని లెక్కగట్టి చూడటం

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇదే, కాగితం పెన్సిలు చాలు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనాన్నే తీసుకోండి. శాలివాహన శకం 1211, విరోధి సంవత్సరం, మార్గశిర మాసం. శక సంవత్సరానికి 12 కలపండి, 1223 వస్తుంది. 60తో భాగిస్తే శేషం 23. ప్రభవ నుంచి లెక్కపెడితే 23వది విరోధి. పేరూ అంకే కలిశాయి. ఇక శకానికి 78 కలిపితే క్రీస్తుశకం 1289. ఉగాది నుంచి డిసెంబరు ఆఖరుదాకా 78, ఆ తర్వాత ఫాల్గుణం అయ్యేదాకా 79 కలపాలి. మార్గశిరం కాబట్టి 78 సరిపోతుంది. పండితులు తేల్చిన రోజు 1289 నవంబరు 27.

పేరుకూ అంకెకూ ఒక్క ఏడాది తేడా వస్తే కంగారు పడొద్దు. కొందరు గడిచిన సంవత్సరాన్ని, కొందరు నడుస్తున్న సంవత్సరాన్ని వేశారు. అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే ముందు మీరు అక్షరాలు చదివిన తీరును అనుమానించండి, అరిగిన రాతి మీద ౨, ౩ ఇట్టే కలిసిపోతాయి. ఆ తర్వాత నకలు రాసినవాడి పొరపాటును అనుమానించాలి. దొంగ శాసనమన్న మాట చివరిది.

అంకెలకు బదులు మాటలుంటే కుడినుంచి ఎడమకు చదవాలి. శశి, భూ, నేత్ర, చంద్ర అని ఉంటే 1, 1, 2, 1. తిరగేస్తే 1211. తిరగేయడం మరిచిపోతే 1121 అయి తొంభై ఏళ్లు వెనక్కి పోతారు. అప్పుడు సంవత్సరం పేరు సిద్ధార్థి రావాలి, శాసనంలో విరోధి ఉంటుంది, తప్పు అక్కడే బయటపడుతుంది. అగ్ని అంటే 3, వేద 4, బాణ 5, రస 6, గజ 8. సముద్రం మాత్రం ఒకచోట 4, ఇంకోచోట 7, దాన్ని సంవత్సరం పేరుతోనే తేల్చుకోవాలి. శకం లేకుండా ఒట్టి సంవత్సరం పేరే ఉంటే అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. పాలించే రాజు పేరు దొరికేదాకా తేదీ వేయకండి.

లిపి, భాష, ముద్ర

రాగిరేకుల దగ్గర జాగ్రత్త రెట్టింపు కావాలి. రాయిని మోయడం కష్టం, రేకును తయారుచేయడం సులువు. అగ్రహారం, ఇనాం భూముల మీద హక్కు నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడల్లా పాత రాజుల పేరు మీద కొత్త రేకులు పుట్టాయి. 1901లోనే శాసన పరిశోధకుడు ఫ్లీట్ దొంగ శాసనాల పెద్ద జాబితా ఒకటి అచ్చువేశాడు.

చూడాల్సినవి ఇవి. రేకుల అంచులు మడిచి ఎత్తుగా ఉన్నాయా? అక్షరాలు ఒరిపిడికి అరిగిపోకుండా అలా చేసేవారు. రేకులను కలిపి గుచ్చిన వలయం తెగిందా, మళ్లీ అతికారా? తెగిన వలయంలో వేరే దానం రేకును ఇరికించి ఉండొచ్చు. వలయం మీది ముద్ర ఆ వంశానిదేనా? తూర్పు చాళుక్యుల ముద్రలో వరాహం, అంకుశం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న మాట ఉంటాయి. ఆ తర్వాత లిపి. ఏడో శతాబ్దం తేదీ వేసుకున్న రేకులో తలకట్లు నేటి తెలుగులా ఉంటే ఆ తేదీ నిలవదు. తెలుగు, కన్నడ లిపులు అప్పటికి విడిపోలేదు. భాష కూడా సాక్ష్యం చెబుతుంది. కడప జిల్లా కలమళ్ల శాసనంలోని ఆరో శతాబ్దపు తెలుగులో కనిపించే ఴ అనే అక్షరం, కాలం గడిచేకొద్దీ కనుమరుగైంది. అలాంటి అక్షరం ఉండాల్సిన చోట లేకపోయినా, తర్వాతి కాలపు ఉర్దూ, పారశీ రెవెన్యూ మాటలు ముందే కనిపించినా ఆగి చూడాలి.

ఒక్క మినహాయింపు ఉంది. పాత దానాన్ని చెడిపోయిందని తర్వాతి రాజు కాలంలో మళ్లీ చెక్కించేవారు. అప్పుడు లిపి కొత్తది, దానం పాతది. అది మోసం కాదు. ఇక నిజంగా దొంగదే అని తేలినా పారేయకండి. ఎవరు, ఏ శతాబ్దంలో, ఏ పొలం కోసం తగువు పడ్డారో అది చెబుతుంది.

అసలు శాసనమూ అబద్ధం చెప్పగలదు

తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి రణస్తిపూండి శాసనం అసలైనదే, పదకొండో శతాబ్దం మొదట్లోది. చాళుక్యులు అయోధ్య నుంచి వచ్చారని, త్రిలోచన పల్లవుడితో పోరాడారని అందులో ఉంది. అది వంశం గొప్పగా చెప్పుకున్న కథ, జరిగిన చరిత్రగా తీసుకోలేం. అందుకే శాసనాన్ని రెండు ముక్కలుగా విడదీసి చదవాలి. బిరుదులు, వంశావళి, గెలిచిన యుద్ధాలు ఒకవైపు పెట్టండి. దాత, గ్రహీత, భూమి, ఎల్లలు, పన్ను మినహాయింపు, తేదీ ఇంకోవైపు. మొదటి ముక్కలో గొప్పలుంటాయి. రెండో ముక్కలో అబద్ధమాడితే ఊళ్లోవాళ్లే పట్టేస్తారు, కాబట్టి దానికి విలువ ఎక్కువ.

మళ్లీ చందుపట్లకు వద్దాం. రుద్రమదేవి 1295 దాకా ఏలిందని చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం ఉండేది. ఎన్ని పుస్తకాల్లో ఉన్నా, అవన్నీ ఒకదాన్నుంచి ఒకటి ఎత్తిరాసుకున్నవైతే లెక్కకు ఒక్క సాక్ష్యమే. ఆమెకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివసాయుజ్యం కలిగిందని, అంటే చనిపోయారని, వాళ్ల పుణ్యం కోసం భూమి ఇచ్చానని పువ్వుల ముమ్మడి వేయించిన ఈ చిన్న దాన శాసనం ఆ లెక్కను కూల్చింది. రాణిని పొగడటానికో ఎవరినో ఓడించానని చెప్పుకోవడానికో వేయించింది కాదు కాబట్టే దీనికింత బలం. అయితే ఆమె యుద్ధంలో చనిపోయిందని ఇందులో లేదు. రాణి, సేనాని ఒకేసారి పోవడం, కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడి తిరుగుబాటు ఆ రోజులదే కావడం చూసి చరిత్రకారులు కట్టిన ఊహ అది. బలమైన ఊహే, కానీ రాసేటప్పుడు ఊహ అనే రాయాలి. పక్కనే ఇటలీ యాత్రికుడు మార్కోపోలోను చూడండి. మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణిని బాగా పొగిడాడు, కానీ ఆమెను చనిపోయిన రాజుకు భార్యను చేశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. బయటివాడు పాలన ఎలా ఉందో సరిగ్గా చెప్పి, చుట్టరికం దగ్గర పొరబడ్డాడు.

కైఫీయతులకు ఇదే పద్ధతి. కావలి సోదరుల వంటి మెకంజీ సహాయకులు పందొమ్మిదో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో కరణాల దగ్గర, వాళ్ల దండకవిలెల (ఊరి పాత దస్తరాల) నుంచి రాసుకున్నవి. ఊరు పుట్టుక అనగానే ముక్కంటి (త్రిలోచన పల్లవుడు), జనమేజయుడు వస్తే అది ఆ ఊరి నమ్మకం. రాసిన నాటికి మూడు తరాల లోపు సంగతులు, చెరువులు, మాన్యాలు, పొలిమేరలు, జమీందారు తగాదాలు చాలావరకు నిలుస్తాయి. కైఫీయతులో శాసనం నకలు ఉంటే వెళ్లి రాతితో పోల్చండి. రాయి పోయి నకలే మిగిలిన ఊళ్లూ ఉన్నాయి. అక్కడ సంవత్సరం లెక్క కుదిరితేనే ఆ నకలును వాడండి.

రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ దాని స్థాయి చెప్పండి. 'శాసనంలో ఉంది', 'కైఫీయతు చెబుతోంది', 'దీన్నిబట్టి అనుకోవచ్చు' అన్నవి మూడూ వేరు. ఇక పునాదులు తవ్వుతుంటే రాగిరేకులు బయటపడితే చింతపండుతో తోమకండి. పులుపుకు పైపొరతో పాటు అక్షరాల అంచులూ పోతాయి. వలయాన్ని కోయకండి, రేకులను విడదీయకండి, ఎలా ఉన్నవాటిని అలాగే ఫొటో తీయండి. భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టం చెబుతోంది. తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, రశీదు తీసుకుని, పురావస్తు శాఖకు కూడా ఒక ప్రతి పంపండి. ఎక్కడ, ఎంత లోతులో, వేటితో కలిసి దొరికాయో ఆ రోజే రాసిపెట్టుకోండి.