తండాకు, గూడేనికి, బస్తీకి: బాధితుల దగ్గరికి ఎలా వెళ్ళాలి

మహబూబాబాద్ వైపు ఒక తండాలో నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. హింసకు గురైనవాళ్ళకు సాయం చేసే ఈ పనిలో అప్పటికి చేరి ఏడాది కూడా కాలేదు. భర్త కొట్టిన దెబ్బలకు ఒకామె ఎడమ చెయ్యి విరిగింది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, కానీ బాధ చెప్పుకునేటప్పుడు లంబాడీలోనే మాట వస్తుంది. నాకు లంబాడీ రాదు. పక్కన నిలబడ్డ అతన్ని "కొంచెం అడిగి చెప్పన్నా" అన్నాను. ఆమె బాగున్న చేతితో కొంగు అంచుని వేలికి చుడుతూ, విప్పుతూ రెండు ముక్కలు చెప్పింది. "కాలు జారి పడ్డదట మేడం" అన్నాడతను. అదే రాసుకుని వచ్చేశాను. అతను ఆమె భర్తకు చిన్నాన్న కొడుకని వారం తర్వాత తెలిసింది.

మాట తర్జుమా చేసే మనిషిని ఆ తండా నుంచి మాత్రం తీసుకోకండి. వేరే మండలం అమ్మాయిని వెతకండి. నర్సింగ్ చదువుతున్న పిల్లో, అంగన్‌వాడీ టీచరో దొరుకుతారు. ఆమెది ఏ తండా, ఏ గోత్రం అన్నది బాధితురాలికి ముందే చెప్పి, "ఈమె ముందు మాట్లాడతావా?" అని అడగండి. వద్దంటే ఇంకొకరిని చూడాల్సిందే. కన్నబిడ్డ చేత తర్జుమా చేయించొద్దు. తల్లి ఒంటిమీద దెబ్బల లెక్క ఆ పిల్ల నోటితో చెప్పించడం చాలా పాపం. ఏటూరునాగారం వైపు కోయ గూడేల్లో అయినా, వరంగల్ మండి బజార్‌లో ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో అయినా ఇదే పద్ధతి.

ఆఫీసు జీపును రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్ళండి. లేకపోతే పది నిమిషాల్లో ఊరంతా ఆ గడప ముందే ఉంటుంది. నీళ్ళు ఇస్తే తాగండి. ఎస్సీ వాడలో మీరు గ్లాసు ముట్టకుండా పక్కన పెడితే, ఆ తర్వాత ఏ చట్టం గురించి చెప్పినా వాళ్ళ కళ్ళకు ఆ గ్లాసే కనపడుతుంది.

అత్యాచారం కేసులో మొదటి గంటలు చాలా ముఖ్యం. ఇంట్లో పెద్దవాళ్ళు "మైల" అని తలస్నానం చేయించాలని చూస్తారు, బట్టలు ఉతికేస్తారు. కోప్పడకండి, వాళ్ళకు తెలిసిన ఓదార్పు అదే. "ఆస్పత్రికి పోయొచ్చినంక పోసుకుందువు బిడ్డా, వేడినీళ్ళు కాచి పెడ్తం" అని వాళ్ళ అవ్వ చేతనే చెప్పించండి. ఆ బట్టలు సాక్ష్యం కదా, ప్లాస్టిక్ కవర్లో పెడితే తడికి బూజు పడుతుంది, కాగితం సంచిలో పెట్టండి. అప్పటికే స్నానం అయిపోతే ఒక్క మాట కూడా అనకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. గర్భం రాకుండా, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. 72 గంటలు దాటనివ్వకండి. సాక్ష్యం కోసం చేసే పరీక్షకు ఆమె ఒప్పుకోకపోయినా వైద్యం ఆపకూడదు. చికిత్సకు డబ్బు అడగడానికి ఏ ఆస్పత్రికీ హక్కు లేదు.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు (జీరో ఎఫ్ఐఆర్) చేయించుకోవచ్చు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. సాక్ష్యం చెప్పడానికి ఆడవాళ్ళను స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. చనిపోయినతని భార్య ఇద్దత్‌లో (భర్త పోయాక ముస్లిం స్త్రీ పాటించే గడువులో) ఉంటే నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. అప్పుడు ఈ నిబంధనే ఆమెకు అండ. హత్య జరిగిన ఇంట్లో పిట్టకు పెట్టే రోజున (చనిపోయినవాళ్ళ పేర కాకికి అన్నం పెట్టే రోజున) వాంగ్మూలం పెట్టించకండి, తేదీ మార్చమని మీరే అడగండి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో పిల్ల ముందుకు పోలీసులు యూనిఫాం వేసుకుని రాకూడదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసులో ప్రభుత్వ సాయం విడతలవారీగా వస్తుంది కాబట్టి కులం సర్టిఫికెట్ మొదటి వారంలోనే తీయించండి. ఫోన్లో ఆడవాళ్ళ సాయానికి 181, పిల్లల సాయానికి 1098, ఉచిత న్యాయసాయానికి 15100 పెట్టుకోండి.

పెద్దమనుషులు పంచాయితీ పెడతామంటారు. నలుగురిలో వాళ్ళతో వాదానికి దిగితే ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే. తల్లిగారింటి వాళ్ళలో ఆమె తరఫున నిలబడేది ఎవరో ముందు కనుక్కోండి. చాలాసార్లు అది మేనమామ అవుతాడు. అత్యాచారం, పోక్సో కేసులు పంచాయితీలో డబ్బులిచ్చి తెంపుకునేవి కావని ఆయనను విడిగా కూర్చోబెట్టి చెప్పండి.

ఆ చెయ్యి విరిగినామె దగ్గరికి లంబాడీ వచ్చిన నర్సంపేట అమ్మాయిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. అంతా చెప్పింది. కేసు పెడదామా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను పోతే మేకలను ఎవరు చూస్తరు?" అని అడిగింది. ముందు మేకల సంగతి చూశాం. మర్నాడు వాళ్ళ అక్క వచ్చి ఏడు మేకలనూ తోలుకుపోయింది. ఆ సాయంత్రమే ఆమె మాతో స్టేషన్‌కు వచ్చింది.