డిజిటల్ సంతకం ఉన్న పత్రం బ్యాంకులో, కోర్టులో చెల్లాలంటే

ఇల్లు కడపలో ఉండి యజమాని బెంగళూరులో ఉంటే, బాడుగ అగ్రిమెంటు మీద సంతకం కోసం ఆయన బస్సెక్కి రానక్కర్లేదు. ఆధార్ ఈ-సైన్‌తో గానీ సంతకపు సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ టోకెన్‌తో గానీ పెట్టిన సంతకానికి 2000 నాటి ఐటీ చట్టం చేతిసంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. వీలునామాకీ, ట్రస్టు పత్రానికీ మాత్రం ఈ దారి లేదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) కూడా దాదాపు అంతే. 2022లో వచ్చిన సడలింపు ఆర్‌బీఐ, సెబీ వంటివాటి నియంత్రణలో ఉన్న సంస్థలకు రాసిచ్చే అధికార పత్రాలకే. అన్నకో, బామ్మర్దికో రాసిచ్చేదానికి అది వర్తించదు.

ముందు స్టాంపు, ఆ తర్వాతే సంతకం. సంతకం పెట్టిన తేదీ తర్వాత స్టాంపు తేదీ ఉంటే ఆపైన తలనొప్పే. ఈ-స్టాంపు తీసుకున్నాక దానిమీది నంబరును ఈ-స్టాంపులు జారీచేసే స్టాక్ హోల్డింగ్ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, పేర్లు, మొత్తం సరిపోయాయో లేదో చూడండి. దాన్ని స్కాన్ చేసి అగ్రిమెంటుతో కలిపి ఒకే పీడీఎఫ్ చేశాక సంతకాలకు పంపండి. అసలు స్టాంపు కాగితాన్ని పారేయొద్దు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ అనుకుని అందరూ 11 నెలలకు రాసుకుంటారు గానీ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1999 సవరణ వల్ల గడువు ఎంతైనా లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదు.

ఈ-సైన్‌లో ఓటీపీ ఆధార్‌కి లింకైన నంబరుకే వస్తుంది, సంతకంలో ఆధార్‌లో ఉన్న పేరే పడుతుంది. మన దగ్గర చిక్కంతా ఇక్కడే. పాస్‌బుక్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. అలాంటప్పుడు అగ్రిమెంటులోనే రెండు పేర్లూ 'ఉరఫ్' పెట్టి రాయించండి.

సంతకాలయ్యాక ఫైలును ముట్టుకోవద్దు. సైజు తగ్గించినా, పేజీ కలిపినా, మళ్ళీ పీడీఎఫ్‌గా ప్రింట్ చేసినా సంతకం చెడిపోతుంది, లేదా మాయమవుతుంది. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గానే పంపండి, ఫొటోగా వద్దు. కాగితం మీద ప్రింట్ తీసినదాంట్లో కనిపించేది సంతకం బొమ్మ మాత్రమే. అసలు సంతకం ఫైల్లోనే ఉంటుంది కాబట్టి బ్యాంకుకి ఫైలే మెయిల్ చేయాలి.

కంప్యూటర్‌లో అడోబ్ రీడర్‌తో తెరిస్తే సంతకం మీద పసుపుపచ్చ ప్రశ్నార్థకం కనిపించొచ్చు. అది దొంగ సంతకమని కాదు, ఆ సర్టిఫికెట్‌ని మీ రీడర్ ఇంకా నమ్మలేదని. సంతకం మీద రైట్ క్లిక్ చేసి సిగ్నేచర్ ప్రాపర్టీస్, ఆపైన షో సైనర్స్ సర్టిఫికెట్ నొక్కండి. వరసలో అన్నిటికన్నా పైన 'సీసీఏ ఇండియా' (ఈ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను నియంత్రించే ప్రభుత్వ విభాగం) అని ఉంటేనే దాన్ని ఎంచుకుని, ట్రస్ట్ ట్యాబ్‌లో యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్ ఇవ్వండి. తర్వాత వ్యాలిడేట్ సిగ్నేచర్ నొక్కితే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. పైన వేరే పేరుంటే అక్కడితో ఆగిపోండి. ఫైలు మారిందని చూపిస్తే పంపినవాళ్ళనే అసలు ఫైలు అడగండి. ఈ పరీక్ష ఫోన్‌లో, బ్రౌజర్‌లో నమ్మకంగా జరగదు.

కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరస రాయాలి. కంప్యూటర్‌లో 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకుంటే అది వస్తుంది. వకీలుకి ఫైలుతోపాటే ఇవ్వండి.

నోటరీ సంగతి వేరు. 1952 నోటరీల చట్టంలో వీడియో కాల్‌లో నోటరీ చేసే ఏర్పాటు లేదు. 2024లో కేంద్రం తెచ్చిన నోటరీ పోర్టల్ నోటరీల నియామకాలు, రెన్యువళ్ళ కోసం. అఫిడవిట్ ఇచ్చే మనిషి నోటరీ ఎదుటే సంతకం పెట్టాలి, రిజిస్టర్‌లో కూడా పెట్టాలి. 5 సెంటీమీటర్ల గుండ్రటి సీలు, అందులో నోటరీ పేరు, ప్రాంతం, పక్కన రిజిస్టర్ క్రమసంఖ్య ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

కువైట్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడి స్థలం అమ్మడానికి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే స్కాన్ కాపీ చాలదు. అక్కడి భారత ఎంబసీలో అధికారి ఎదుట సంతకం పెట్టి, అసలు పత్రాన్నే పంపాలి. అది ఇక్కడ చేతికందిన 3 నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టాలి. కవరు మీద పోస్టు ముద్ర పడిన తేదీ ఆ గడువుకి ఆధారం అవుతుంది కాబట్టి కవరును కూడా పత్రంతోపాటు దాచండి.