రాజ్ ఆటలో పిక్క ఎప్పుడు వేయాలి

పర్లాకిమిడిలో మా అరుగు మీద ఆదివారం రాత్రి భోజనాలయ్యాక రాజ్ ఆడతాం. ఇది ఏడు ముక్కల్లో అయిదింటితో చేయి కట్టే పోకరే, కానీ చిన్న ముక్కల చేతికే గెలుపు. డబ్బు లేదు, చింతపిక్కలే పందెం. ఆసు అన్నిటికన్నా చిన్నది. ఆసు, 2, 3, 4, 5 పడితే తిరుగులేదు. వరస, ఒకే రంగు లెక్కలోకి రావు. జత పడితే నష్టం.

మొదటి 3 ముక్కలూ 8 లోపు, జత లేకుండా ఉంటేనే ఉండండి. మా బావ 9, 10 పట్టుకుని ఆశగా కూర్చునేవాడు, పిక్కలన్నీ అక్కడే పోయేవి.

అసలు పని ఎదుటివాళ్ల ముందు అందరికీ కనిపించేలా తెరిచి ఉన్న ముక్కలు చూడటం. నా దగ్గర ఆసు, 4, 6 ఉండి ఎదురుగా ఇంకో 4, ఇంకో 6 కనిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. నాకు జత కట్టే ముక్కలు తగ్గాయి కదా! అదే 2, 3, 5 బయటపడితే నాకు కావలసినవి పోయినట్టు. డ్రాప్ చేసినవాళ్ల ముక్కలు కూడా గుర్తుంచుకోండి.

నాలుగో ముక్క నాకు రాణి, ఎదుటివాడికి 5 వస్తే వెంటనే డ్రాప్. అయిదో ముక్క నుంచి పందెం రెట్టింపు, మా దగ్గర 2 పిక్కలు 4 అవుతాయి.

చిన్న పందెంలో అందరూ చివరిదాకా చూస్తారు, బ్లఫ్ (లేని చేయి ఉన్నట్టు పందెం పెంచడం) దండగ. చేయి బాగుంటే ప్రతి రౌండ్‌లోనూ వేయండి. అందరి తెరిచిన ముక్కలూ రాజులు, రాణులై మీది 3 అయితే మాత్రం మొదట్లోనే పెంచేయండి.