రెండు పట్టాల లూప్‌లో షార్ట్: నాకు పనిచేసిన వైరింగ్

వైజాగ్‌లో మేడమీది గదిలో నాది హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ రైలు లేఅవుట్, మామూలు డీసీ కంట్రోలర్. రైలు లూప్ తిరిగి వచ్చిన లైన్‌లోకే వెళ్లేలా పట్టాలు కలపగానే షార్ట్ అయి కంట్రోలర్ ట్రిప్ అయ్యేది. పట్టాలు తుడవడం, పాయింట్ (రైలు ఏ పట్టాల మీదికి వెళ్లాలో మార్చే భాగం) మార్చడం, ఇంకో కంట్రోలర్ పెట్టడం, ఏదీ పనిచేయలేదు.

రెండు పట్టాల్లో ఒకటి ప్లస్, ఒకటి మైనస్. లూప్ చుట్టి వచ్చేసరికి ఎడమ పట్టా కుడి పట్టాకి తగులుతుంది. మూడు పట్టాల మోడళ్లలో నడిమిది ఒక వైపు, బయటి రెండూ కలిసి ఇంకో వైపు కాబట్టి అక్కడ ఈ బాధే ఉండదు. అయినా మన రైల్వే పట్టాల్లా కనిపించేది రెండు పట్టాలే, అందుకే వాటిని వదల్లేదు.

ముందు లూప్ రెండు కొసల్లోనూ, రెండు పట్టాలకీ గ్యాప్ ఇచ్చి, కరెంట్ దాటకుండా ప్లాస్టిక్ జాయినర్లు వేశాను. ఒక్క పట్టాకి వేస్తే చాలదు. తర్వాత లూప్‌కి కంట్రోలర్ నుంచి నేరుగా వైర్లు ఇచ్చి, మెయిన్ లైన్ వైర్లను మాత్రం డీపీడీటీ స్విచ్ (ప్లస్, మైనస్‌లను తారుమారు చేయగలిగే రెండు వైపుల స్విచ్) ద్వారా పంపాను. ఆ స్విచ్ మీద నాలుగు చివరి టెర్మినళ్లను ఐమూలగా, X ఆకారంలో కలపాలి. రైలు మొత్తం లూప్‌లోకి వచ్చాక పాయింట్ మార్చి, స్విచ్ తిప్పుతాను. ఇంజిన్ ఆగకుండానే బయటికి వస్తోంది.

లూప్ మీ రైలు కంటే పొడవుండాలి. లోహపు చక్రాలు రెండు కొసల్లోనూ ఒకేసారి గ్యాప్ దాటితే మళ్లీ షార్టే. నా లూప్‌లో రైలు ఒక దిక్కునే తిరుగుతుంది. రెండు దిక్కులా తిప్పాలంటే లూప్‌లో ప్లస్, మైనస్‌లను కూడా మార్చాలి. డీసీసీ (డిజిటల్ కంట్రోల్) వాడేవాళ్లకి ప్లస్, మైనస్‌లను తనంతట తానే మార్చే ఆటో రివర్సర్ మేలు.