సైట్లు సరిచేసే ముందు: 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ జాగ్రత్తలు

సైట్లను, అంటే గురి చూసే అమరికలను, సరిచేయడానికి అలెన్ కీ చేతికి తీసుకునే ముందే రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడండి. బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (రైఫిల్ ఖాళీగా ఉందని చూపే రంగు తీగ) ఉండాలి, మూతి టార్గెట్ వైపే ఉండాలి. “ఇందాకే చూశాను” అంటే చాలదు, మళ్లీ చూడండి.

• రెండు సైట్ల బిగింపు స్క్రూలు తడిమి చూడండి. సైటు వదులుగా ఉంటే దాని నాబ్‌ను ఎన్ని క్లిక్కులు (మెట్లు) తిప్పినా వృథా.

• చెంప ఆనే చోటు ముందుగా కుదరాలి. కళ్లు మూసుకుని తల ఆనించి, అప్పుడు తెరవండి. వెనక సైటు రంధ్రం మధ్యలో ముందు సైటు గొట్టం, దాని చుట్టూ సమానమైన వెలుగు అంచు కనిపించాలి. ఒక పక్క నెలవంకలా నీడ పడిందా? మెడ వంచి సర్దుకోకండి, చెంప దిమ్మనే కదపండి. పోటీలో చివరిదైన అరవయ్యో గుండు దాకా మెడ అలా వంగి ఉండదు.

• ముందు సైటు లోపలి రింగు మరీ బిగుతుగా వద్దు. టార్గెట్‌లోని నల్ల వృత్తం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, దాని చుట్టూ తెల్లని వలయం స్పష్టంగా మిగలాలి. చిన్న రింగుతో గురి కుదురుతుందని కొత్తవారికి అనిపిస్తుంది కానీ, కన్ను తికమకపడుతుంది. చూపు రింగు మీదే నిలపండి. నలుపు కాస్త మసకబారినా పరవాలేదు.

• రెండో కన్ను మూయకండి, దాని ముందు తెల్లని అడ్డు పెట్టుకోండి.

• రైఫిల్ పక్కకు ఒరిగితే గుండ్లు కూడా పక్కకే పోతాయి.

• ఒక్క గుండును చూసి నాబ్ తిప్పకండి. ఐదు కాల్చి, ఆ రంధ్రాల గుంపు మధ్య ఎక్కడుందో చూడండి. గుంపు ఎడమకు పడితే వెనక సైటు కుడికి జరగాలి. తిప్పిన క్లిక్కులు నోటుపుస్తకంలో రాసుకోండి.